కోర్టు గేటు బయటి జనంతో రాజ్యాంగ దినోత్సవం: మన తాలూకా బార్ అసోసియేషన్లకు మార్గదర్శి

ఏటా నవంబరు 26న మన కోర్టుల్లో జరిగేది ఇంచుమించు ఒకటే. బార్ హాల్లో బ్యానరు కడతారు, జడ్జిగారిని పిలుస్తారు, రాజ్యాంగ పీఠిక చదువుతారు, సీనియర్లకు శాలువాలు కప్పుతారు, టిఫిను పెడతారు. కాసేపటికి అందరూ ఎవరి కోర్టుకు వాళ్లు వెళ్లిపోతారు. అదంతా జరుగుతున్నంతసేపూ వాయిదాకొచ్చిన కక్షిదారులు బయట చెట్టు కిందే కూర్చుని ఉంటారు. వాళ్లను లోపలికి పిలిచేవాళ్లు ఉండరు. చట్టం ముందు అందరూ సమానమే అన్న మాట ఎవరి కోసం రాశారో వాళ్లే లేని పండగ నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

ఆ వెలితిని ఎలా పూడ్చాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కావలి, ఆత్మకూరు, కోవూరు, దర్శి లాంటి చోట్ల నలభై యాభై మంది లాయర్లున్న బార్‌ను దృష్టిలో పెట్టుకున్నాను. నెల్లూరు, ఒంగోలు లాంటి పెద్ద బార్లు ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేసుకోవచ్చు.

ముందు ఈ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ మన రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆ తేదీని న్యాయ దినంగా జరుపుకుందామని 1979లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ తలపెట్టింది. అప్పట్లో ఎల్.ఎం. సింఘ్వీ దానికి ముందు నిలిచారు. అంబేద్కర్ 125వ జయంతి సంవత్సరమైన 2015లో కేంద్రం దీన్ని రాజ్యాంగ దినోత్సవంగా ప్రకటించింది. అమెరికాలో మే 1న జరిగే న్యాయ దినం కూడా అలాంటిదే. అక్కడి లాయర్ల సంఘం అధ్యక్షుడు చార్లెస్ రైన్ ఆలోచన మీద 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాన్ని ప్రకటించాడు. రెండు చోట్లా మొదట కదిలింది లాయర్ల సంఘమే. కాబట్టి సర్క్యులర్ వచ్చిందాకా ఆగాల్సిన పని లేదు, ఇది మన ఇంటి కార్యక్రమం.

1. తేదీ, వేళ

నవంబరు 26 చాలాసార్లు పనిరోజే అవుతుంది. ఉదయం పీఠిక చదవడం ఎలాగూ ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. జనం వచ్చే కార్యక్రమం మాత్రం సాయంత్రం నాలుగు తర్వాతో, దగ్గర్లో వచ్చే శనివారమో పెట్టండి. నవంబరు ఆఖరంటే మనవైపు నార్లు, నాట్ల కాలం. పొద్దున పదింటికి సభ పెడితే కూలికి పోయే ఆడవాళ్లు ఒక్కరు కూడా రారు, అసలు వినాల్సింది వాళ్లే.

రెండో సంగతి వాన. నవంబరులో మన తీరాన్ని నమ్మడానికి లేదు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. షామియానా మీద ఆధారపడకండి. మునిసిపల్ హాలో, కాలేజీ ఆడిటోరియమో, కల్యాణ మండపమో ముందే మాట్లాడి పెట్టుకోండి. తుపాను హెచ్చరిక వస్తే ఏ తేదీకి మారుస్తారో కరపత్రంలోనే అచ్చు వేయించండి.

నా సలహా ఏమిటంటే ఒక్క రోజుతో సరిపెట్టకండి. నవంబరు 9 జాతీయ న్యాయ సేవల దినం. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా, అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఆ రోజు ఊళ్లలో మొదలుపెట్టి, 26న కోర్టు దగ్గర ముగిస్తే మధ్యలో రెండు వారాలు దొరుకుతాయి. ఊళ్లో విన్న ప్రశ్నలే 26న మీ సభకు విషయాలవుతాయి.

2. తీర్మానం, కమిటీ, అనుమతులు

దసరా సెలవులకు ముందే కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేయండి. సెలవులయ్యాక మొదలుపెడితే ఉరుకులు పరుగులే. కమిటీలో ఒక సీనియరు, తిరగగలిగిన ఇద్దరు ముగ్గురు జూనియర్లు, తప్పనిసరిగా మహిళా న్యాయవాదులు ఉండాలి. లాయరు గుమాస్తాల నుంచి ఒకరిని కూడా తీసుకోండి, ఇది చాలామంది మర్చిపోయే పని. ఏ ఊరి నుంచి ఏ తరహా కేసులు వస్తున్నాయో, ఎవరు దేనికి భయపడుతున్నారో గుమాస్తాకు తెలిసినంత మనకు తెలియదు.

ఉత్తరాలు ఇవి: మీ ఊరి కోర్టుల్లో సీనియర్ జడ్జిగారికి, వారి ద్వారా ప్రిన్సిపల్ జిల్లా జడ్జిగారికి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, మండల న్యాయ సేవాధికార సంఘానికి. ర్యాలీ ఉంటే డీఎస్పీ గారికి, హాలు కోసం మునిసిపల్ కమిషనర్ గారికి. ప్రతి ఉత్తరం కాపీ మీద అందినట్టు సంతకం, సీలు తీసుకోండి.

మైకు విషయంలో జాగ్రత్త. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం కోర్టులు, ఆసుపత్రులు, విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. చట్టబద్ధ పాలన గురించి చెప్పే ర్యాలీ కోర్టు గోడ పక్కనే డీజే పెట్టుకుని పోతే చూసేవాళ్లకు అందే పాఠం వేరే అవుతుంది.

గౌను, బ్యాండ్ల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం కోర్టు బయట బహిరంగ స్థలాల్లో అవి వేసుకోకూడదు. బార్ కౌన్సిలో కోర్టో నిర్దేశించిన వేడుకలకు మాత్రమే మినహాయింపు. ర్యాలీకి తెల్ల చొక్కా చాలు. గౌను లేకుండా ఉంటే జనం దగ్గరకొచ్చి మాట్లాడతారు కూడా.

డబ్బు బార్ నిధి నుంచి, సభ్యుల చందాల నుంచే రావాలి. ఆ కోర్టులో కేసు నడుస్తున్న ఏ వ్యాపారి దగ్గరా, ఏ సంస్థ దగ్గరా రూపాయి కూడా తీసుకోవద్దు. లెక్కలు వారంలోపు నోటీసు బోర్డు మీద పెట్టండి.

3. విషయం ఒక్కటే ఎంచుకోండి

"రాజ్యాంగ ఔన్నత్యం" అని పెడితే ఉపన్యాసాలు వస్తాయి, జనం రారు. ఆ ఏడాదికి ఒకే ప్రశ్న పెట్టుకోండి. పోలీసులు తీసుకుపోతే ఏం చేయాలి? నోటు బాకీ కేసు పడితే ఏం చేయాలి? మా పొలం 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన భూముల జాబితా) ఎందుకుంది? ఇలాంటిది. ఏది పెట్టాలో తెలియకపోతే వారం రోజులు గుమాస్తాల చేత చెట్టు కింద వినబడిన ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఎక్కువసార్లు వచ్చింది ఏదో అదే మీ విషయం.

4. కోర్టు చూపించడం

అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం దీనికే. మామూలుగా కోర్టు విచారణ బహిరంగంగా జరుగుతుంది, స్థలం ఉన్నంతవరకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. సివిల్ విచారణకైనా, క్రిమినల్ విచారణకైనా చట్టంలోనే ఆ మాట ఉంది. మన జనానికి ఈ సంగతి తెలియదు. కేసు ఉన్నవాడే లోపలికి పోవాలని, మిగతావాళ్లు పోతే అరుస్తారని అనుకుంటారు.

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని, డ్వాక్రా సంఘాల సభ్యుల్ని ఇరవై మంది చొప్పున తీసుకురండి. జడ్జిగారి అనుమతి ముందే తీసుకోవాలి. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), అత్యాచారం కేసుల విచారణ మూసిన గదిలో జరుగుతుంది కాబట్టి ఆ కోర్టుల వైపు తీసుకెళ్లకండి. బోను దగ్గర, బెంచి క్లర్కు బల్ల దగ్గర ఆపి ఎవరు ఏం చేస్తారో చెప్పండి. ఆ తర్వాత కాపీయింగ్ సెక్షన్‌కు తీసుకెళ్లి, తీర్పు నకలు కావాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చూపించండి. ఆ ఒక్క కిటికీ ఎక్కడుందో తెలియక ఎంతమంది మధ్యవర్తుల చేతుల్లో డబ్బు పోసుకుంటున్నారో మనందరికీ తెలుసు.

5. నాటక విచారణ: అరగంట చాలు

హత్య కేసు పెట్టకండి, సినిమా అయిపోతుంది. రిమాండు దృశ్యం పెట్టండి. ఒక కుర్రాణ్ణి మోటారు సైకిల్ దొంగతనం అనుమానంతో పట్టుకున్నారు. తల్లి స్టేషన్ దగ్గర నిలబడి ఉంది. మర్నాడు మేజిస్ట్రేటు ముందు పెట్టారు. మేజిస్ట్రేటు వేషం వేసినవారు మూడే ప్రశ్నలు అడుగుతారు: ఎప్పుడు పట్టుకున్నారు, ఎందుకని చెప్పారా, ఎవరైనా కొట్టారా?

ఆ మూడు ప్రశ్నల వెనక ఉన్న చట్టాన్ని వ్యాఖ్యాత ఆపి ఆపి చెప్పాలి. పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. బంధువులకో, స్నేహితులకో తెలియజేయాలి. పోలీసులు ప్రశ్నించే సమయంలో లాయర్ని కలవనివ్వాలి, అయితే ప్రశ్నిస్తున్నంతసేపూ లాయరు పక్కన ఉండే హక్కు కాదు. ఇవన్నీ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఉన్నాయి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా ఇవే దారి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడు ఆడవాళ్ల వరుసల్లో చప్పుడు ఆగిపోతుంది, గమనించండి.

పాత సెక్షన్ నంబర్లు మారిన సంగతి కూడా చెప్పండి. జనం నోట్లో నానిన 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318, 498ఏ ఇప్పుడు 85.

పోలీసు పాత్రకు వీలైతే నిజమైన పోలీసు అధికారినే అడగండి. వాళ్లను విలన్లుగా చూపించే నాటకం వద్దు. నిబంధన పాటించే ఎస్సైని చూపిస్తే, పాటించని చోట అడగడానికి జనానికి ధైర్యం వస్తుంది.

6. కాగితం చదివిపెట్టే బల్లలు

కార్యక్రమం మొత్తంలో నేను ప్రాణం పెట్టేది ఇక్కడే. హాలు పక్కన నాలుగు బల్లలు వేయండి: నోట్లు, చెక్కులు ఒకటి, పొలం కాగితాలు ఒకటి, కుటుంబ వ్యవహారాలు ఒకటి, పోలీసు, రిమాండు ఒకటి. కుటుంబ వ్యవహారాల బల్ల దగ్గర మహిళా న్యాయవాదే ఉండాలి, కాస్త చాటు కూడా ఉండాలి. ప్రతి బల్లకూ ఒక సీనియరు, ఒక జూనియరు. జూనియరు పని రాయడం.

పని ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. ఒక పెద్దావిడ కొంగులో మడిచిన కాగితం తీసి బల్ల మీద పెడుతుంది. "అయ్యా, ఇదేందో చూడండి, పోస్టుమేను సంతకం పెట్టిచ్చుకోని ఇచ్చిపోయినాడు." అది సమన్లు. ముందు ఆమెను కూర్చోబెట్టండి. తర్వాత వరసగా నాలుగు సంగతులు చూడండి: ఏ కోర్టు, ఏ నంబరు, వాయిదా ఎప్పుడు, ఆమె పేరు ప్రతివాదుల్లో ఎన్నోది. నంబరు ముందున్న అక్షరాలు ముఖ్యం. ఓ.ఎస్. అంటే సివిల్ దావా. సి.సి. అంటే క్రిమినల్ కేసు. ఇ.పి. అంటే డిక్రీ అప్పటికే అయిపోయి అమలుకొచ్చింది, ఇక రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి. "నవంబరు 30, ఉదయం 10:30, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, తప్పకుండా వెళ్లాలి." ఆవిడ ఇంటికి తీసుకుపోయేది ఆ చీటీనే.

మనవైపు ఎక్స్‌పార్టీ డిక్రీలు, అంటే ప్రతివాది లేకుండానే ఇచ్చే డిక్రీలు, పడేది చాలావరకు భయంతో రాకపోవడం వల్లే. సమన్లు అందాక 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా. ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతే దాన్ని తీసేయమని అడగడానికి 30 రోజులు గడువు. సమన్లు సరిగ్గా అందలేదంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

నోటు బల్ల దగ్గర ఎప్పుడూ రద్దీనే. డిమాండు ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ల కాలపరిమితి. లోపల ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. బాకీ తీర్చినవాళ్లు నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రాకూడదు. ఖాళీ నోటు మీద సంతకం ఎంత నమ్మకస్తుడికైనా ఇవ్వకూడదు. భర్త చేసిన బాకీకి భార్యాపిల్లలు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, తమ సొంత కష్టార్జితం నుంచి కట్టాల్సిన పని లేదు. ఈ చివరి మాట తెలియక వితంతువులు రెండు రూపాయల వడ్డీతో ఏళ్ల తరబడి కడుతుంటారు. చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు గడువు, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

పోలీసు బల్ల దగ్గర చెప్పాల్సింది: ఫిర్యాదు నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

యానాది కాలనీల నుంచి వచ్చేవాళ్లను ప్రత్యేకంగా చూసుకోండి. వాళ్లంతట వాళ్లు రారు, మనమే పిలుచుకురావాలి. అడ్వాన్సు తీసుకున్నామని ఏళ్ల తరబడి ఒకే యజమాని చెరువు దగ్గర ఉండిపోయిన కుటుంబం కనిపిస్తే అది వెట్టిచాకిరీ కావచ్చు. 1976 చట్టం దాన్ని నిషేధించింది, ఆ బాకీ కూడా రద్దయిపోతుంది. అలాంటి సంగతి తెలిస్తే అందరి ముందూ అడిగి వాళ్లను ఇబ్బందిలో పెట్టొద్దు. వివరం తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, ఆర్డీవోకు రాతపూర్వకంగా పంపండి.

ఉచిత న్యాయ సహాయం ఎవరికి వస్తుందో బల్ల మీద పెద్ద అక్షరాలతో పెట్టండి: ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, పరిశ్రమల కార్మికులు, వరద, తుపాను లాంటి విపత్తుల బాధితులు. వీళ్లకు ఆదాయంతో పని లేదు. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌కు వెళ్లమని చెప్పేటప్పుడు రెండు సంగతులు కలిపి చెప్పాలి. రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. దాని మీద అప్పీలు ఉండదు. రెండోది చెప్పకుండా సంతకం పెట్టించడం అన్యాయం.

ఇక మనకు మనం పెట్టుకోవాల్సిన గీతలు. బల్ల మీద విజిటింగ్ కార్డు ఉండకూడదు. కేసులు రాబట్టుకోవడం, ప్రచారం చేసుకోవడం బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం నిషిద్ధం. అసోసియేషన్ పేరున్న బోర్డు చాలు. అప్పటికే వేరే లాయరు వకాలతు వేసిన కేసయితే కాగితం చదివి అర్థం చెప్పండి గానీ, ఆయన చేసింది తప్పని తీర్పు చెప్పకండి. రిజిస్టరులో ఫోను నంబరు అడిగి, ఒప్పుకుంటేనే రాయండి.

7. వేదిక మీద ఏం చెప్పాలి

ఉపన్యాసానికి నాలుగు నిమిషాలు, గంట కొట్టే మనిషి కూడా ఉండాలి. శాలువాలు వద్దు. పీఠికను తెలుగులో, "భారత ప్రజలమైన మేము" నుంచి, సభలో ఒకరి చేత చదివించండి. పదో తరగతి అమ్మాయి అయితే మరీ మంచిది.

ఢిల్లీ కబుర్లు తగ్గించి మన ఊళ్ల సంగతులు చెప్పండి. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో అంబేద్కర్ పక్కన కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టాడు. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం బారిస్టరు, బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి ఉద్యమంలోకి వెళ్లినవాడు. దూబగుంట రోసమ్మ లాయరు కాదు, కానీ 1992లో ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించి మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చట్టం పైనుంచి దిగివచ్చేది మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కారంచేడును కూడా వదిలిపెట్టకండి. 1985 జూలై 17న అక్కడి దళితుల మీద జరిగిన హత్యాకాండ ఏమిటో, ఆ కేసు సుప్రీంకోర్టులో ముగియడానికి 2008 డిసెంబరు దాకా ఎందుకు పట్టిందో చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది ఇలాంటి దారుణాల తర్వాతే. అప్పటి ప్రకాశం జిల్లాలో జరిగినదాన్ని పక్కనపెట్టి చట్టబద్ధ పాలన గురించి మాట్లాడితే దళితవాడ నుంచి వచ్చినవాళ్లు ఆ మాటలు నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

మన గురించి కూడా ఒక మాట. లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విధుల బహిష్కరణ రోజు చార్జీలు పెట్టుకుని వచ్చి వాయిదా పడిందని వెనక్కి పోయే రైతు మన బ్యానరు మీద అక్షరాలను వేరేగా చదువుకుంటాడు. కనీసం ఆ వారం మన తరఫున అనవసర వాయిదా అడగబోమని తీర్మానంలోనే రాసుకోండి. ఈ నిబంధన మీద బార్‌లో వాదనలు జరుగుతాయి. జరగనివ్వండి, గొంతెత్తి వాదించుకునే హక్కు మనకుంది, కానీ ఓటు వేసి తేల్చండి.

8. తర్వాతి నెల

రిజిస్టరులో ఎక్కిన ప్రతి పేరు ఎదురుగా ఏం చేశారో 30 రోజుల్లో రాయాలి: సహాయానికి దరఖాస్తు పెట్టారు, లోక్ అదాలత్‌కు పంపారు, చెప్పి పంపారు. న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లిన దరఖాస్తుల నంబర్లు కమిటీలోని జూనియరు దగ్గర ఉండాలి, ఆయనే వెంటబడాలి. పేర్లు లేకుండా ఎన్ని ప్రశ్నలు, ఏ రకంవి అన్నది బార్ సమావేశంలో చదవండి, వచ్చే ఏటి విషయం అందులోంచే తేలుతుంది.

బల్లలు కూడా ఆ ఒక్క రోజుతో ఎత్తేయకండి. నెలకో శనివారం మధ్యాహ్నం బార్ హాలు వరండాలో ఒక్క బల్ల, ఇద్దరు లాయర్లు చాలు. ఏ నెల ఎవరు కూర్చుంటారో పన్నెండు నెలల పట్టీ తయారుచేసి నవంబరు 26 సాయంత్రమే కోర్టు గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద, తెలుగులో, దూరం నుంచి కనబడేలా అంటించండి.